రెండు ముక్కలయ్యే లీవర్ రైఫిల్: చేని కాడికి ఏది పనికొస్తాది?

మెట్టచేను (ఉదయగిరి)
రాత్రి 9:12

అన్నలకి, అక్కలకి నమస్కారం. ఏడాదిగా ఈడ చదవతా ఉండానే గానీ రాయడం ఇదే మొదలు.

మాది ఉదయగిరి దుర్గం కింద మెట్ట. మూడెకరాలు శనక్కాయ, ఎకరా కంది. ఇంటికీ చేనికీ తొమ్మిది కిలోమీటర్లు, సగం పైగా రాళ్ల బాట. కాయ ఊరే టయానికి కొండ మీద నించి పందులు దిగతాయి. పోయినేడు ఒక్క రాత్రిలో పన్నెండు సాళ్లు తవ్వేసినాయి. తెల్లారి పోయి చూస్తే చెట్లు పీకి, కాయ నమిలి, తొక్కు ఊసి పెట్టుండాయి. మా అమ్మ ఆ తొక్కలు చేత్తో ఏరుకుంటా గట్టు మీద కూచుండిపోయింది.

మాకు తాత తుపాకి ఒకటుండాది. కింద లీవర్ లాగి పైకి తోస్తే తూటా ఎక్కే రకం. మధ్యలో విడదీస్తే రెండు ముక్కలై తోలు పెట్టెలో పట్టేస్తాది. గొట్టం మీద వించెస్టర్ అని, 32 డబ్ల్యూ.సి.ఎఫ్. అని చెక్కుండాది. తాత తర్వాత లైసెన్సు నాయన పేరు మీదికి వచ్చింది. ఆయనకిప్పుడు డెబ్బై రెండు. పోయిన ఎన్నికలప్పుడు నెల్లూరులో డీలర్ కాడ డిపాజిట్ చేసినాం, మళ్లీ తెచ్చుకోలా.

నేను అడిగేది ఏందంటే, దాన్నే బాగు చేయించుకోవాల్నా, లేదంటే అట్టాంటిదే కొత్తది, చిన్నది, విడదీసేది కొనుక్కోవాల్నా? పొడుగు తుపాకి భుజాన తగిలించుకోని బండి మీద ఊరి నడిమధ్యన పోవడం నాకు ఇష్టం లేదు. సంచిలో పట్టాల. మంచె కాడికి పోయినాక రెండు నిమిషాల్లో బిగించుకోవాల. తెలిసినోళ్లు చెప్పండి.

కావలి కుర్రోడు (మోంటానా)
రాత్రి 10:05

తమ్ముడూ, మీ ఊరి పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. మా అమ్మమ్మ వాళ్లది వింజమూరు. నేను ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లు. ఇక్కడ ఈ రకం తుపాకులు బాగా దొరుకుతాయి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. అక్కడి చట్టం సంగతి వేరే వాళ్లు చెప్పాలి.

విడదీసే లీవర్ రైఫిళ్లన్నీ ఒకే తీరుగా విడిపోవు. ఎక్కడ విడిపోతుంది, గురి చూసే సామాను ఏ ముక్క మీద ఉంది అనేదే అసలు సంగతి.

నా దగ్గరుండేది మార్లిన్ 39ఎ, .22 లాంగ్ రైఫిల్. కుడి పక్కన వేలెడు లావు స్క్రూ ఒకటుంటుంది, బిళ్ళతో తిప్పితే వదులవుతుంది. పిడి, లీవర్, ట్రిగ్గర్ ఒక ముక్కగా వచ్చేస్తాయి. గొట్టం, బోల్టు (తూటాని గొట్టంలోకి తోసి మూసే ముక్క), పై పెంకు ఇంకో ముక్క. ముందు గురి, వెనక గురి, టెలిస్కోపు పెట్టుకుంటే అది కూడా గొట్టం ముక్క మీదే ఉంటాయి. అందుకే వందసార్లు విడదీసి బిగించినా గురి తప్పదు. ఇంకో సుఖం, బోల్టు తీసేసి గొట్టాన్ని వెనక నుంచి తుడుచుకోవచ్చు. మామూలు లీవర్ రైఫిల్‌ని మూతి వైపు నుంచి తుడవాలి, రాడ్డు రాసుకుని రాసుకుని మూతి కాడ గొట్టం లోపలి గీతలు అరిగిపోతాయి. ఈ మోడల్ వంశం 1891 నాటిది. 39ఎ పేరు 1939లో వచ్చింది. ఇరవై అంగుళాల గొట్టంతో 39ఎం అని పొట్టిది కూడా ఉంది, వీపు సంచిలో నేను మోసేది అదే. కుందేళ్లకు ఇంతకు మించింది అక్కర్లేదు.

మీ తాతగారిది వేరే పద్ధతి. వించెస్టర్ వాటిల్లో గొట్టమే యాక్షన్ (లీవర్, బోల్టు ఉండే నడిమి ఇనప భాగం) నుంచి ఊడి వస్తుంది. రెండు గురులూ గొట్టం మీదే ఉంటే ఇబ్బంది లేదు. వెనక గురి పిడి మెడ మీద ఉంటే మాత్రం ప్రతిసారీ సరిచూసుకోవాలి.

ఇక పెద్దవి. బ్రౌనింగ్ బి.ఎల్.ఆర్. అని ఉంది, అందులోనూ విడదీసేది వస్తుంది. దానికి గొట్టం కింద ట్యూబు మ్యాగజైన్ (తూటాలు నింపే సన్న గొట్టం) ఉండదు, పెట్టె మ్యాగజైన్ ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. ట్యూబులో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుంటాయి, వెనక తూటా ముక్కు ముందుదాని ప్రైమర్‌కి, అంటే దెబ్బకి అంటుకునే అడుగు బిళ్ళకి, ఆనుకుంటుంది. ముక్కు సూదిగా ఉంటే, తన్నుకి అది గుచ్చుకుని ట్యూబులోనే పేలే ప్రమాదం. అందుకే 30-30 లాంటి వాటికి బండ ముక్కు తూటాలే వాడతారు. పెట్టె మ్యాగజైన్‌లో ఆ బాధ లేదు. పాత సావేజ్ 99లో తూటాలు గుండ్రంగా తిరిగే చక్రంలో కూర్చునేవి, దానికీ సూది ముక్కు తూటాలు పడతాయి. అందులోనూ విడదీసే రకం చేశారు.

అలాస్కాలో ఆంకరేజ్ వాళ్లు మార్లిన్ 1895ని కోసి, 45-70కి విడదీసే పొట్టి రైఫిల్ చేసి అమ్ముతారు. చిన్న విమానాల్లో తిరిగేవాళ్లు ఎలుగుబంటి భయానికి పెట్టుకుంటారు. ఇటలీ కియప్పా, జపాన్ మిరోకు వాళ్లు పాత 1892ని మళ్లీ విడదీసే రూపంలో చేస్తున్నారు, .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .45 కోల్ట్ లాంటి తూటాలకి. నన్నడిగితే పొట్టిగా ఉండాలి, బలం కూడా కావాలి అనుకునే వాడికి .44 మాగ్నమ్‌లో విడదీసే 1892ని మించింది లేదు. ఇక్కడైతే అదే కొనమని చెప్పేవాణ్ణి.

పాత ఆర్మరర్ (ఒంగోలు)
ఉదయం 6:20

నేను ముప్పై ఏళ్లు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే వాడిగా, పనిచేసి రిటైరైనాను. తమ్ముడి దగ్గరున్నది వించెస్టర్ 1892 అయ్యుండాలి. 32 డబ్ల్యూ.సి.ఎఫ్. అంటే 32-20 తూటా. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన, మొత్తం పది లక్షలకు పైగా చేశారు. మన జమీందార్ల ఇళ్లల్లో, ఎస్టేట్లలో అక్కడక్కడా కనపడేవి. నా చేతికి రెండు మూడు వచ్చాయి.

విడదీసే పద్ధతి చెప్తాను, డీలర్ దగ్గర చూసేటప్పుడు ఉపయోగపడుతుంది. ముందు ట్యూబు ఖాళీ, గొట్టం ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి చూడండి. ట్యూబు మూతి దగ్గర మడత పెట్టిన చిన్న పిడి ఉంటుంది. దాన్ని లేపి ట్యూబుని మర విప్పి ముందుకి లాగాలి. తర్వాత లీవర్ పూర్తిగా కిందికి తెరవాలి. ఇది మర్చిపోయి గొట్టం తిప్పితే పేలిన డొల్లని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం విరుగుతుంది, ఇప్పుడా ముక్క దొరకదు. తెరిచాక గొట్టాన్ని పావు చుట్టు తిప్పితే ఊడొస్తుంది. పాత రకం బల్బుని హోల్డర్‌లో నొక్కి తిప్పి తీస్తాం చూశారా, అదే ఊహ. గొట్టం మీద మర చుట్టూ ఉండదు, మధ్యలో ముక్కలు ముక్కలుగా కోసి ఉంటుంది. అందుకే పావు చుట్టుతో పట్టు వదిలేస్తుంది.

బలహీనత కూడా అక్కడే. పెద్ద ఫిరంగుల్లోనూ ఇదే మర ఉంటుంది గానీ అక్కడ ఉక్కు మందం వేరు. ఇక్కడ వందేళ్లు విడదీసి బిగించిన కీలు అరుగుతుంది. అరిగితే గొట్టానికీ బోల్టుకీ మధ్య సందు పెరుగుతుంది. పేల్చినప్పుడు తూటా డొల్ల వెనక్కి జరుగుతుంది, అంచు దగ్గర చిట్లితే వేడి గాలి నేరుగా మొహం మీదికి కొడుతుంది. ఆ సందునే మేం హెడ్‌స్పేస్ అంటాం. 32-20కి అంచు ఉంటుంది, కొలత ఆ అంచు మందం మీద ఆధారపడుతుంది. గేజు లేకుండా ఎవరూ తేల్చి చెప్పలేరు.

ఇంట్లో చెయ్యదగ్గ పరీక్షలు రెండే. బిగించి, ఒక చేత్తో పిడి, ఒక చేత్తో గొట్టం పట్టుకుని మెలిపెట్టండి. టక్ మని చప్పుడొచ్చినా, చేతికి కదలిక తెలిసినా దాన్ని పేల్చొద్దు. తర్వాత కిటికీ వైపు ఎత్తి కీలు దగ్గర వెలుతురు గీత కనపడుతుందేమో చూడండి. సిగరెట్ కాయితం పట్టీ లోపలికి దూరితే అరిగినట్టే. ఆ కాలం తుపాకులకి అరుగుదల సర్దుకోడానికి కీలు రింగులో సన్నని స్క్రూలు పెట్టారు, తెలిసిన చేతికి అది పావుగంట పని. తెలియని చేతికి ఇవ్వొద్దు.

ఇంకొకటి. తోలు పెట్టెలో ఉంచారా? దయచేసి తీసేయండి. మన సముద్రపు గాలికి తోలు తేమ పీల్చి ఉక్కుకి పూస్తుంది. పెట్టె ప్రయాణానికే. కొబ్బరినూనె కూడా వద్దు, గడ్డకట్టి బంకవుతుంది.

కంభం చెరువు (ప్రకాశం)
ఉదయం 8:47

నేను వకీలుని. సరుకు ఎంపిక కంటే ముందు కాయితం చూడాలి, ఎందుకంటే ఈ ప్రశ్నకి సగం జవాబు చట్టంలోనే ఉంది.

1959 ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ పంట కాపలాకి ఏ ఆయుధమో పేరు పెట్టి చెప్పింది. మొదటిది మూతి నుంచి మందు దట్టించే తుపాకి. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారి నమ్మితే, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్న గొట్టం తుపాకి, అంటే మన 12 బోరు లాంటిది. గీతల గొట్టం రైఫిల్ ఆ వరసలో లేదు. పంట కోసం అని అర్జీ పెట్టి రైఫిల్ అడిగితే అది నడవదు.

మీ నాన్నగారి లైసెన్సులో ఏ పని కోసం ఇచ్చారని రాసుందో చూడండి. పాతవి చాలా మటుకు ఆత్మరక్షణ కింద ఇచ్చినవే.

ఆయనకు డెబ్బై దాటాయి కాబట్టి 2016 ఆయుధాల నిబంధనల్లో 25వది మీకు పనికొస్తుంది. డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం చేతికొచ్చి పాతికేళ్లయినా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చమని అడగొచ్చు. ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే చేసుకోండి. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం పెద్దాయన పోయాక, తుపాకి అటక మీదుంటే, అన్నదమ్ముల మధ్య పంచాయితీ పెట్టుకుని వచ్చేవే. లైసెన్సుదారు పోయాక ఆలస్యం చెయ్యకుండా ఆ తుపాకిని స్టేషన్లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యాలి, అటక మీద ఉంటే ఇంట్లో వాళ్లకే కేసు.

2019 సవరణతో ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, ముందు మూడుండేవి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది.

కావలి తమ్ముడు చెప్పిన మార్లిన్, బ్రౌనింగ్, కియప్పా మంచివే కావొచ్చు, కానీ 1980ల మధ్య నుంచి మామూలు మనిషి విదేశీ తుపాకి తెప్పించుకునే దారి మూసుకుపోయింది, పేరున్న షూటర్లకి తప్ప. ఇక్కడ చేతులు మారేవన్నీ అంతకు ముందు దేశంలోకి వచ్చిన పాతవే, అదీ లైసెన్సున్న వాళ్ల మధ్యే.

పొట్టిగా కావాలని గొట్టం కోయించుకునే వాళ్లని నేను చూశాను. 6వ సెక్షన్ కింద అది నేరం. ఆ మాట ఏ మిస్త్రీ నోట వచ్చినా లేచి వచ్చేయండి.

నల్లమల వాకిలి (దోర్నాల)
ఉదయం 9:30

లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టకూడదు, ఇది చానా మందికి తెలీదు. మాది పులుల అడవి అంచు, అందుకే ఈ సంగతులు మా ఊళ్లో పిల్లోడికి గూడా తెలుసు. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అడవి పంది రెండో షెడ్యూల్లో ఉంది. పంటకు నష్టం చేస్తుంటే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసరు గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాయితం లేకుండా నీ చేలో, నీ తుపాకితో, నీ పంట తినే పందిని కొట్టినా కేసే.

కరెంటు తీగ గురించి ఎవరూ ఆలోచన కూడా చెయ్యొద్దు. చీకట్లో మనిషి తగులుకుంటే మనిషి పోతాడు. మా పక్క ఊళ్లో నీళ్లు కట్టడానికి పోయినోడు అట్టాగే పోయినాడు. ఆ ఇంటికి నేను పోయొచ్చినా, ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ కళ్ల ముందరే ఉంటాయి.

మెట్టచేను (ఉదయగిరి)
ఉదయం 11:15

అందరికీ దండాలు. మనసు కొంచెం దిగాలు పడింది గానీ తెలుసుకోవడం మంచిదయింది. ఆర్మరర్ బాబాయ్, తోలు పెట్టెలోనే ఉండాది. కొబ్బరినూనె పూసేది గూడా నిజమే, తాత నేర్పింది అదే.

తూటాలు ఇంట్లో పదకొండు ఉండేవి, వాటినీ డిపాజిట్‌లోనే ఇచ్చినాం. ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టుండాది. అవి పనికొస్తాయా? కొత్తవి యాడ దొరకతాయి?

పాత ఆర్మరర్ (ఒంగోలు)
ఉదయం 11:52

చిలుము పట్టినవి పేల్చొద్దు. ఇత్తడి లోపల నుంచి పెళుసెక్కి ఉంటుంది.

కొత్తవి ఇక్కడ దొరకవు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల నుంచి పౌరులకు వచ్చేవి 12 బోరు, .315, 30-06, .22, రివాల్వర్ల .32. ఆ రివాల్వర్ .32, నీ 32-20 ఒకటి కాదు, పేరు చూసి మోసపోవద్దు. 32-20 పుట్టింది 1882లో. వందా, నూటపదిహేను గ్రెయిన్ల (ఆరేడు గ్రాముల) సీసం, సెకనుకి పన్నెండు వందల అడుగుల చిల్లర వేగం. బతికున్న రోజుల్లో కూడా అది కుందేలుకి, నక్కకి, నెమలి సైజు పిట్టకి చేసిన తూటా. నలభై, యాభై కిలోల పందిని దానితో కొడితే చావదు, గాయంతో తుప్పల్లోకి పోయి మూడు రోజులు కుళ్లి చస్తుంది. లేదంటే తెల్లారి గొర్రెలు తోలుకొచ్చిన వాడి మీద పడుతుంది. రెండూ పాపమే.

కాబట్టి తూటా దొరకని తుపాకి ఎంత అందంగా విడిపోయినా చేని కాడికి కాదు.

కావలి కుర్రోడు (మోంటానా)
మధ్యాహ్నం 12:40

బాబాయ్ చెప్పింది నిజం. నేనే వరస తప్పి రాశాను. ఇక్కడ ముందు తూటా చూసుకుని తర్వాత తుపాకి కొంటాం, ఎందుకంటే అన్ని తూటాలూ దొరుకుతాయి. అక్కడ ఆ ఒక్కటే తేడా కొండంత తేడా.

.315 సంగతేంటి? మనూళ్లో చాలా మందికి అదే ఉండేదిగా?

పాత ఆర్మరర్ (ఒంగోలు)
మధ్యాహ్నం 1:10

ఇషాపూర్ .315 బోల్టు తుపాకి. గట్టిది, తూటా దొరుకుతుంది, పందికి చాలు. కానీ విడదీసేది కాదు. పిడి స్క్రూలు విప్పితే ఊడుతుంది గానీ, అది రోజూ చేసే పని కాదు. చెక్కలో ఉక్కు కూర్చునే చోటు వదులైపోయి గురి చెదిరిపోతుంది. పైగా వకీలు గారు చెప్పినట్టు పంట లైసెన్సుకి రైఫిల్ కుదరదు. .303 మాట అసలు ఎత్తొద్దు, అది నిషేధ బోరు.

సోమశిల (నెల్లూరు)
మధ్యాహ్నం 2:25

నేను రేంజిలో .22 రైఫిల్ షూటింగ్ చేస్తాను, మా నాన్న వ్యవసాయం. తమ్ముడూ, నీ చేను ఎలా ఉందో ఒక్కసారి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకో. మెట్ట, రాళ్లు, చుట్టూ గట్లు తప్ప వెనక మట్టి కట్ట లేదు, అవునా?

.22 పెట్టె మీదే రాసుంటుంది, ఒకటిన్నర మైలు దూరం ప్రమాదం అని. అది అందరూ చిన్నది అనుకునే తూటా. రైఫిల్ గుండు రాయికి తగిలితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చేవాళ్లు, గొర్రెల మంద దగ్గర పడుకున్నవాళ్లు, దుర్గం మెట్లెక్కే వాళ్లు అందరూ ఆ దూరంలోనే ఉంటారు. రేంజిలో మేం పేల్చే ప్రతి గుండు వెనకా ఎత్తు మట్టికట్ట ఉంటుంది, అది లేకపోతే మా కోచ్ తుపాకి ముట్టుకోనివ్వడు. చీకట్లో, టార్చిలైటు వెలుగులో, కదిలే జంతువు మీద రైఫిల్ అనేది చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

12 బోరు గుళ్లు తొందరగా జోరు తగ్గి కింద పడతాయి. చట్టం నున్న గొట్టం అని రాసిందంటే ఆ రాసినోళ్లకి చేను తెలుసు అనుకుంటా.

పొదలకూరు నిమ్మ
సాయంత్రం 4:03

అబ్బయా, ఇంతసేపూ అందరూ చెప్పింది చదివినా. నువ్వు అడిగిన వస్తువు నీ చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉండాది, నీకు దాని పేరు వేరుగా తెలుసు, అంతే.

డబుల్ బ్యారెల్ 12 బోరు విరిచి తూటాలు పెట్టేదే గదా. కింద చెక్క, అరచేతి పొడుగుది, గొళ్లెం నొక్కి లాగితే ఊడొస్తాది. తుపాకి విరిస్తే గొట్టాలు కొక్కెం లోంచి పైకి లేస్తాయి. ఆ చెక్కని మళ్లీ గొట్టాలకి తగిలించి సంచిలో పెట్టుకో, పిడి ఇంకో అరలో పెట్టుకో. నేను చేసేది పదిహేనేళ్లుగా ఇదే. నిమ్మతోటకి పొయ్యేటప్పుడు బండి పెట్రోలు ట్యాంకు మీద అడ్డంగా పెట్టుకోని పోతా, జనం గొడుగు అనుకుంటారు. బిగించడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపు. స్క్రూ లేదు, బిళ్ళ అక్కర్లేదు, విరిగే కొక్కెం లేదు. విడదీసే తుపాకుల్లో ఇంతకు మించింది నేను చూళ్లేదు.

గొట్టాలు ముప్పై అంగుళాలు ఉంటాయి, అది ఒప్పుకోవాల్సిందే. లీవర్ రైఫిల్ అంత పొట్టి కాదు. అయినా సంచి సంచే.

తూటాలు శక్తిమాన్‌వి డీలర్ల కాడ దొరకతాయి. లైసెన్సు మీద ఏడాదికి ఎన్ని, ఒక్కసారికి ఎన్ని అని రాసుంటాది, దాన్ని మించి అడగబాక.

నిజం చెప్తా. ఈ పదిహేనేళ్లలో నేను ఎక్కువగా చేసింది ఆకాశం వైపు ఒక దెబ్బ. అది చాలు, ఆ రాత్రికి రావు. చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వెయ్యి. ముల్లు గుచ్చుకుంటే పంది మూతి పెట్టదు, గింజ కూడా నీకే మిగలతాది. మా బావమరిది రాపూరు పక్కన శనక్కాయకి ఏస్తాడు, ఆయన చేలో పంది అడుగు పెట్టి రెండేళ్లయింది.

నల్లమల వాకిలి (దోర్నాల)
సాయంత్రం 4:40

నిమ్మ అన్నా, ఆకాశం వైపు అన్నా చుట్టూ ఇళ్లు లేనప్పుడే. మా వైపు అడవి అంచున చప్పుడైతే బీటు ఆఫీసరు వచ్చి నిలబడతాడు. ముందుగా చెప్పి ఉంచుకుంటే ఆయనకీ మనకీ మంచిది.

కుసుమ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. మొక్క ముదిరి ముల్లు గట్టిపడే టయానికి కాయ ఊరాల, అదొక్కటి చూసుకోని ముందుగా వెయ్యి.

సోమశిల (నెల్లూరు)
సాయంత్రం 5:15

విడదీసే తుపాకికి ఇంట్లో ఒక లాభం ఉంది, ఎవరూ చెప్పలేదు. గొట్టాలు ఒక బీరువాలో, పిడి ఇంకో బీరువాలో, తూటాలు మూడో చోట. మా ఇంట్లో తాళంచెవులు కూడా ఇద్దరి దగ్గర ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో ఇంతకంటే ధైర్యం ఇంకోటి లేదు. రేంజిలో అయినా, ఇంట్లో అయినా తూటా పెట్టే వైపు తెరిచి, గొట్టం ఖాళీ అని చూడకుండా విడదీసే పని మొదలు పెట్టొద్దు. ఖాళీ అనుకున్నదే ప్రాణం తీస్తుంది.

కంభం చెరువు (ప్రకాశం)
సాయంత్రం 6:30

అడిగిన తమ్ముడికి దారి ఇప్పుడు సూటిగా ఉంది. వారసత్వం కింద పాత రైఫిల్ మీ పేరు మీదికి, పంట కాపలా కింద 12 బోరుకి వేరే అర్జీ. రెండూ కలిసి రెండు, పరిమితికి సరిపోతుంది. అర్జీలో అడంగల్ కాపీ, నష్టం ఫొటోలు పెట్టండి. మూతి నుంచి మందు దట్టించేది ఎందుకు చాలదో మీ మాటల్లోనే రాయండి. రాత్రి మంచు, తడిసే మందు, ఒక్క దెబ్బ తర్వాత చీకట్లో మళ్లీ దట్టించడం, ఇవన్నీ న్యాయమైన కారణాలే.

మెట్టచేను (ఉదయగిరి)
ఇరవై మూడు రోజుల తర్వాత, రాత్రి 8:50

రాయడం ఆలస్యమయింది, ఏమనుకోబాకండి. నాయన్ని తీసుకోని నెల్లూరు పోయొచ్చినా.

డీలర్ కాడ తోలు పెట్టె తీసినాం. లోపల పచ్చ గుడ్డ, మధ్యలో రెండు గుంటలు, ఒకదాంట్లో గొట్టం, ఒకదాంట్లో పిడి. గొట్టం కింద పక్క, గుడ్డకి ఆనుకున్నంత మేరా ఎర్రగా తుప్పు. ఆర్మరర్ బాబాయ్ చెప్పినట్టే.

నేను సెల్లులో ఆ పద్ధతి చదవతా ఉంటే, నాయన నా మాట వినకుండానే ట్యూబు పిడి లేపినాడు, మర విప్పి లాగినాడు, లీవర్ తెరిచినాడు, గొట్టం కూచోబెట్టి పావు చుట్టు తిప్పినాడు. ఆయనకి ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టం, చేతులు వణకతాయి. ఆ పావు చుట్టుకి వణకలా. పెళ్లికి ముందు తాతతో పాటు సీతారామపురం అడవి దాకా పొయ్యేవాణ్ణని ఆడనే చెప్పినాడు, ఇన్నేళ్లలో నాతో ఎప్పుడూ అన్లా.

మెలిపెట్టి చూస్తే సన్నగా టక్ మనింది. సిగరెట్ కాయితం కింద పక్కన సగం దాకా దూరింది. డీలర్ గూడా పేల్చొద్దనే అన్నాడు. స్క్రూలు ముట్టుకుంటానంటే వద్దన్నా, తెలిసిన ఆర్మరర్ దొరికినప్పుడు చూద్దాం. తోలు పెట్టె ఇంటికి తెచ్చుకున్నా, తుపాకిని నూనె గుడ్డలో చుట్టి డీలర్ బీరువాలోనే ఉంచినాం. పేరు మార్పు అర్జీ పెట్టినాం, నాయన సంతకం పెట్టినాడు.

12 బోరుకి అర్జీ వేరుగా ఇచ్చినా. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఫొటోలతో ఇంకోటి ఇచ్చి, రసీదు తీసుకున్నా. కుసుమ గింజ రెండు కిలోలు తెచ్చినా, ఈ వానకి చుట్టూ ఏస్తా.

నిమ్మ అన్నా, సంచి కొలత చెప్తావా? ఉదయగిరిలో పరుపులు కుట్టే ఆయన కాన్వాసు గుడ్డ ఉందంటా ఉండాడు.

పొదలకూరు నిమ్మ
రాత్రి 9:20

పొడుగు ముప్పై మూడు అంగుళాలు, వెడల్పు పది. మధ్యలో నిలువుగా అడ్డం కుట్టించు, గొట్టాలు, పిడి ఒకదానికొకటి రాసుకోకుండా. మూతి వైపు అడుగున తోలు ముక్క రెండు వరసలు వెయ్యమను, లేదంటే నెల తిరక్కుండా గొట్టం గుడ్డని చించేస్తాది. జిప్పు వద్దు, దుమ్ముకి ఇరుక్కుంటాది. మూత మడిచి రెండు బకిల్సు పెట్టించు. లైసెన్సు పుస్తకానికి లోపల పక్కన ఒక జేబు, ప్లాస్టిక్ కవరు పట్టేంత.

తోలు నీ పాత పెట్టె లోంచి కోయబాక. దాన్ని అట్టనే ఉంచుకో.